ఊరు మెచ్చిన క్యాచర్

ముప్ఫై ఒక్క ఏళ్ళు స్కూలు బస్సు నడిపాను. వెనక సీట్లో ఎవడు ఏ వెధవ పని చేస్తున్నాడో అద్దంలోకి చూడకుండానే చెప్పేదాన్ని. అలాంటిదాన్ని, నా కళ్ళముందే నాలుగేళ్ళపాటు ఊరంతా కలిసి ఒక మనిషిని కదలకుండా కట్టిపడేస్తుంటే కనిపెట్టలేకపోయాను. ఆ ఊరందరిలో నేనూ ఉన్నాను మరి.

ఆ మనిషి పేరు వెస్ టాలివర్. ఇరవై ఎనిమిదేళ్ళు. మా ఆల్డర్‌ఫోర్డ్ కొంగలకి క్యాచర్. కొంగలంటే మా ఊరి బేస్‌బాల్ జట్టు, టోపీ మీద కొంగ బొమ్మ ఉంటుంది. క్యాచరంటే, బంతి విసిరే పిచర్‌కి ఎదురుగా గొంతుక్కూచుని ఆ బంతిని పట్టేవాడు. మా జట్టు అని గుండెలు బాదుకుంటాం గానీ, ఆటగాళ్ళు మా సొత్తేం కాదు. ఎక్కడో మహానగరంలో ఉన్న పెద్ద జట్టు కుర్రాళ్ళ చేత సంతకాలు పెట్టించుకుని, పదును తేలేదాకా మా దగ్గర ఉంచుతుంది. తేలినవాణ్ణి పైకి తీసుకుపోతుంది, తేలనివాణ్ణి ఇంటికి పంపేస్తుంది. వెస్‌ని మాత్రం తీసుకుపోనూ లేదు, పంపనూ లేదు.

ఆటగాళ్ళకి ఇళ్ళల్లో గది ఇవ్వడం మా ఊళ్ళో ఆనవాయితీ. మా ఆయన చనిపోయిన ఏడాది నుంచి నేనూ ఇస్తున్నాను. గది ఇచ్చినామెని వాళ్ళు అమ్మా అనే పిలుస్తారు. తొమ్మిదేళ్ళలో పదకొండుమంది నన్ను అమ్మా అన్నారు. సెప్టెంబరు రాగానే సంచీ సర్దుకునేవాళ్ళు, క్రిస్మస్‌కి ఒక కార్డు వచ్చేది, మరుసటేడు అదీ రాదు. వెస్ ఒక్కడే చలికాలంలో కూడా ఉండిపోయాడు. పెంచిన తాత పోయాక టెక్సస్‌లో వాడికంటూ ఎవరూ మిగల్లేదు. నా ఇంటి కింది గదిలో ఉంటూ, ట్రాక్టర్ విడిభాగాల కొట్టులో పని చేసుకునేవాడు. పొద్దున్నే నేను లేచేసరికి గుమ్మం ముందు మంచు ఎత్తిపోసి ఉండేది.

ప్రతి జనవరిలోనూ ఒక పత్రిక వస్తుంది. పైకి రాబోయే కుర్రాళ్ళు, ఒక్కో పెద్ద జట్టుకి ముప్ఫై పేర్లు. దాన్ని మందుల షాపులో పత్రికల అర దగ్గర నిలబడే చదువుతాను, ఛస్తే కొనను. ఈసారీ వెస్ పేరు లేదు. ముప్ఫయ్యో చోట పదిహేడేళ్ళ పిల్లాడున్నాడు, వాడు ఇంతవరకూ ఒక్క ఆటా ఆడలేదట. ఆడనివాడి మీద ఎన్ని ఆశలైనా పెట్టుకోవచ్చు కాబోలు. ఒళ్ళు మండి, పత్రికని తిరగేసి అరలో పెట్టి వచ్చేశాను.

ఊళ్ళో స్కూళ్ళు రెండూ కలిపేశాక మా పాత బస్సు షెడ్డు ఖాళీగా పడి ఉంది. తాళంచెవి నా దగ్గరే ఉండిపోయింది, ఎవరూ అడగలేదు, నేనూ ఇవ్వలేదు. నాలుగు బస్సులు ఒకదాని వెనక ఒకటి పట్టేంత పొడుగు. రోజూ సాయంత్రం అయిదింటికి వెస్, నేనూ అక్కడ చేరేవాళ్ళం. ఈ చివర వెస్ గొంతుక్కూచుంటాడు. ఆ చివర, సరిగ్గా మైదానంలో రెండో బేస్ ఎంత దూరమో అంత దూరంలో, పాత బస్సు సీటొకటి గోడకి వేలాడదీశాం. నేను మధ్యలో నిలబడి ఎడం చేత్తో బంతిని విసిరే యంత్రంలో వేస్తాను, కుడి చేత్తో గడియారం పట్టుకుంటాను. బంతి వాడి చేతి తొడుగులో పడ్డప్పుడు ఒకసారి, వాడు లేచి విసిరింది సీటుకి తగిలినప్పుడు ఇంకోసారి నొక్కుతాను. ఎవడైనా రెండో బేస్‌కి దొంగచాటుగా పరిగెత్తితే, వాడికన్నా ముందు బంతి చేరేలా క్యాచర్ ఎంత వేగంగా అక్కడికి విసరగలడన్నది లెక్క. రెండు సెకన్లు పడితే ఫరవాలేదు. 1.9 అయితే మంచి చెయ్యి.

"ఎంత?" అని అక్కణ్ణుంచి అరిచేవాడు.

"1.91."

"అబద్ధం! నీ బొటనవేలికి కీళ్ళనొప్పి, లేటుగా నొక్కుతావ్. 1.88 ఉంటది."

"నా వేలి సంగతి నీకెందుకురా? ముందు నీ మోకాళ్ళ సంగతి చూస్కో. నువ్వు లేస్తుంటే ఇక్కడికి వినిపిస్తోంది చప్పుడు."

రోజులో అన్నిటికన్నా మంచి విసురు ఏదో, ఇంటికి రాగానే వంటింటి క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలో రాసేదాన్ని. విత్తనాల కంపెనీవాళ్ళు ఊరికే ఇచ్చే క్యాలెండర్ అది. పాతవి కూడా పారెయ్యలేదు. నాలుగు చలికాలాల అంకెలు ఆ గోడ మేకుకే ఉన్నాయి.

జనవరి మూడో వారంలో ఒకరోజు బంతులు ఏరుకుంటూ వెస్ అన్నాడు.

"ఆదివారం విందుకి ఫిస్క్ వస్తున్నాడమ్మా."

రోలండ్ ఫిస్క్ పెద్ద జట్టులో అధికారి. కింద ఉన్న చిన్న జట్లన్నీ ఆయన చేతిలోనే ఉంటాయి. ఎవరు ఎక్కడ ఆడాలో ఆయన చెప్పిందే వేదం.

"రానీ. మన ఊరి బీఫ్ తిని పోతాడు."

"అది కాదు. పెద్ద శిబిరంలో ఒక క్యాచర్ చోటుందట. ఇంకా ఎవర్నీ పిలవలేదు."

ఫిబ్రవరిలో అరిజోనాలో వసంత శిబిరం పెడతారు. పెద్ద జట్టువాళ్ళది పెద్ద శిబిరం, మిగతావాళ్ళకి మార్చిలో పక్కనే చిన్న శిబిరం. రెండిటికీ మధ్య ఒక కంచె. చిన్న శిబిరంలో వెస్ ఆరేళ్ళుగా చెమటోడుస్తున్నాడు. కంచె అవతలికి ఒక్కసారి కూడా పిలవలేదు.

"ఈ అక్టోబరు దాకా నేను వాళ్ళవాణ్ణే," అన్నాడు. "వేరేచోటికి పోవడానికి లేదు. అక్టోబరులో వదుల్తారు. అప్పటికి నాకు ఇరవై తొమ్మిది. ఎవడు చూస్తాడమ్మా? ఓ మూడు వారాలు పెద్ద శిబిరంలో కనబడితే చాలు. అక్కడికి అన్ని జట్లవాళ్ళూ వస్తారు. ఒక్కడి కంట్లో పడినా చాలు."

ఎన్నడూ ఇంత మాట్లాడని మనిషి.

"విందులో నీ గురించి నేను మాట్లాడతాను," అన్నాను.

"వద్దమ్మా."

"నోర్మూసుకో. నేను మాట్లాడతాను."

మా ఊళ్ళో ఆట లేని చలికాలం భరించలేక, ఏటా జనవరి చివరి ఆదివారం చర్చి అయిపోయాక మాజీ సైనికుల లీజియన్ హాల్లో విందు చేస్తారు. అభిమానుల సంఘానికి పెద్ద, మాంసం కొట్టు నడిపే డ్వేన్ ఆప్‌డాల్. బీఫ్, ఆలుగడ్డల ముద్ద, ఎవరూ తినని తియ్యటి జెల్లీ సలాడ్, చివర్లో బహుమతి. ఊరు మెచ్చిన ఆటగాడికి ఒక చెక్క ఫలకం ఇస్తారు, దాని మీద ఇత్తడి కొంగ. మూడేళ్ళుగా అది వెస్‌కే. నాలుగో ఏడు కూడా వెస్‌కేనని డ్వేన్ ముందే నా చెవిలో వేశాడు.

"నువ్వే అందించాలి ఆర్లిస్ అక్కా. నాలుగు ముక్కలు మాట్లాడు. ఏడిపించెయ్ అందర్నీ."

ఏడిపించాను. దేవుడు క్షమించాలి, చాలా బాగా మాట్లాడాను. ఇంగ్లీషు ఒక్క ముక్క రాని వెనిజులా పిచర్ ఒకడు బెంగపెట్టుకుని మంచం దిగకపోతే, వెస్ వంట నేర్చుకుని మరీ వాడికి వాళ్ళ దేశం మొక్కజొన్న రొట్టెలు కాల్చిపెట్టిన సంగతి చెప్పాను. ఆ పిచర్ ఇవాళ పెద్ద జట్టులో ఉన్నాడు. లక్షలు పోసి తెచ్చిన కుర్ర క్యాచర్ కోసం వెస్‌ని ఆడనివ్వకుండా బల్ల మీద కూచోబెడితే, మూతి ముడుచుకోకుండా ఆ కుర్రాడికే పని నేర్పిన సంగతి చెప్పాను. వాడూ వెళ్ళిపోయాడు పైకి. ఎవరి కారు మంచులో కూరుకుపోయినా వెస్ పార పట్టుకుని వస్తాడన్నాను. "ఇన్నేళ్ళలో వాడి నోట ఒక్క ఫిర్యాదు వినలేదు. ఇలాంటి మనిషి ఏ జట్టుకైనా దొరకడం అదృష్టం," అని ఫిస్క్ వైపు చూసి ముగించాను.

రెండొందలమంది లేచి నిలబడ్డారు. ఫిస్క్ జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. గెలిచాననుకున్నాను.

ఫిస్క్ వేదిక మీదకి వచ్చి వెస్ భుజం చుట్టూ చెయ్యేశాడు. మంచి గొంతు ఆయనది.

"ఆర్లిస్ క్లాసెన్ గారు నా మనసులో ఉన్నది చెప్పేశారు. ఇలాంటి మనిషిని మేం మాత్రం ఎందుకు పోగొట్టుకుంటాం? వచ్చే వేసవి నుంచి వెస్ టాలివర్ మీ కొంగలకి క్యాచింగ్ కోచ్! మీ వెస్ ఎక్కడికీ పోడు!"

హాలు పైకప్పు ఎగిరిపోయేలా అరిచారు. డ్వేన్ ఏడ్చేశాడు. వెనక బల్ల దగ్గర ముసలాళ్ళు స్పూన్లతో గ్లాసులు వాయించారు. వేదిక మీద వెస్ నవ్వుతూ ఉన్నాడు. ఫోటో తీసేటప్పుడు కెమెరావాడు "ఇంకొక్కటి, ఇంకొక్కటి" అంటుంటే నవ్వు దించకుండా పళ్ళు బిగబట్టే నవ్వు ఉంటుందే, అది. రెండొందలమంది మధ్య ఆ మనిషి వద్దని ఎలా అంటాడు? ఒక్కొక్కరే వచ్చి వాటేసుకున్నారు. అందరికీ థాంక్స్ చెప్పాడు.

కారులో ఇంటికొచ్చేటప్పుడు మంచు మొదలైంది. నాలుగో ఫలకం వాడి ఒళ్ళో ఉంది.

"కోచ్ అంటే ఆడుతూ కూడా చెయ్యొచ్చా?" అని చివరికి అడిగాను.

"లేదు. ఆట మానేశానని సంతకం పెట్టాలి."

"మరి నవ్వుతూ నిలబడ్డావేంరా?"

"ఏం చెయ్యమంటావ్?" అన్నాడు. ఇంకో మైలు పోయాక మెల్లిగా అన్నాడు, "అమ్మా, ఒక్కటి అడగనా? అంతసేపు మాట్లాడావు కదా. నా చెయ్యి గురించి ఒక్క మాటైనా చెప్పావా?"

బ్రేకు మీద కాలు పడింది. నిజమే. రొట్టెలు చెప్పాను, పార చెప్పాను. నాలుగు చలికాలాలు గడియారం పట్టుకుని నిలబడ్డదాన్ని, 1.91 అన్న మాట నా నోట రాలేదు. మంచివాడు, మంచివాడు అని అరగంట వాయించాను. ఆటగాడని చెప్పడం మర్చిపోయాను.

మర్చిపోయానా? ఆ రాత్రంతా నన్ను నిద్రపోనివ్వని ప్రశ్న అదే. వెస్ ఎక్కడికీ పోడు అని ఫిస్క్ అనగానే, మిగతావాళ్ళతోపాటు నేనూ చప్పట్లు కొట్టాను. వాడి మొహం చూశాకే చేతులు ఆగాయి.

తెల్లారేసరికి మోకాలి ఎత్తు మంచు. హైవే మూసేశారు. ఫిస్క్ ఊరి చివర మోటెల్లో ఇరుక్కుపోయాడని డ్వేన్ ఫోన్ చేసి చెప్పాడు. నాలుగు క్యాలెండర్లూ మేకు నుంచి తీసి చంకలో పెట్టుకుని, బస్సు నడిపిన రోజుల్లోలా చక్రాలకి గొలుసులు కట్టుకుని బయల్దేరాను. ఫిస్క్ ఒంటరిగా గుడ్లు తింటున్నాడు. క్యాలెండర్లు ప్లేటు పక్కన పెట్టాను.

"నిన్న చెప్పాల్సింది చెప్పలేదండీ. ఇది చూడండి. రోజూ నేనే నొక్కాను గడియారం. ఈ నెలంతా 1.93 దాటలేదు."

ఆయన ఫోర్కు కింద పెట్టి, పేజీలు ఓపిగ్గా తిప్పాడు.

"సరిగ్గానే నొక్కారు క్లాసెన్ గారూ. మా లెక్కలూ ఇంతే."

"అంటే, తెలుసా మీకు?"

"నాలుగేళ్ళుగా తెలుసు. అందుకే కదా ఇక్కడుంచాం. ఆల్డర్‌ఫోర్డ్‌కి వచ్చేది పంతొమ్మిదేళ్ళ పిచర్లు. బంతి ఎటు పోతుందో వాళ్ళకే తెలీదు. వెస్ అన్నీ పట్టేస్తాడు, వాళ్ళకి ధైర్యం వస్తుంది. అలాంటివాణ్ణి పైకి పంపితే ఇక్కడెవరున్నారు? పైన నాకు క్యాచర్లు బోలెడుమంది. ఇక్కడికే దొరకరు."

ఇన్నాళ్ళూ వాణ్ణి ఎవరూ చూడలేదనుకున్నాను. అందరూ చూశారు. చూసే, ఇక్కడ పెట్టి తాళం వేశారు.

"అయితే వదిలెయ్యండి వాణ్ణి. ఇంకో జట్టు చూసుకుంటాడు."

"అక్టోబరు దాకా కాగితం మాదండీ. పనికొచ్చే మనిషిని ఎందుకు వదులుతాం?" కోపంగా అనలేదు, గుడ్డు మీద ఉప్పు చల్లుకుంటూ అన్నాడు. "కోచ్ పని కాదంటే, మార్చిలో చిన్న శిబిరానికి రమ్మనండి. చోటుంటే ఉంటుంది. ఇరవై ఎనిమిదేళ్ళవాడికి నేను మాటివ్వలేను. నేనైతే సంతకం పెడతాను. జీతం స్థిరం, ఊరంతా ప్రాణం పెడుతుంది, మీలాంటి అమ్మ ఉంది. ఇంకేం కావాలి మనిషికి?"

తిరిగొచ్చేసరికి వెస్ వంటింట్లో కూచుని ఉన్నాడు. ఎదురుగా విందులో ఫిస్క్ ఇచ్చిన కోచ్ ఒప్పందం కాగితాలు. క్యాలెండర్లు లేని మేకుని చూశాడు, నా చంక కేసి చూశాడు, వాడికి అంతా అర్థమైంది.

"ఒప్పుకుందామనుకుంటున్నానమ్మా," అన్నాడు. "మోకాళ్ళు కూడా మాట వినట్లేదు. ఇక్కడే ఉంటా. నువ్వూ ఒక్కదానివేగా. పోయిన్నెల మెట్ల మీద జారి పడ్డావు, నేను లేకపోతే ఏమయ్యేది?"

నాకు కావల్సింది ఆ మాటే. తొమ్మిదేళ్ళలో పదకొండుమంది అమ్మా అన్నారు గానీ, ఇక్కడే ఉంటా అన్నవాడు ఒక్కడూ లేడు. అవునురా, పెట్టు సంతకం, అని నోటిదాకా వచ్చింది. బల్ల మీద వాడి కుడి చెయ్యి తనంతట తాను కదులుతోంది. బంతిని పట్టుకునే తీరులో వేళ్ళు ముడుచుకుంటున్నాయి, విచ్చుకుంటున్నాయి. ఆ చెయ్యి చూశాక నా నోరు తిరగబడింది.

"నాకు ఎవరూ కాపలా అక్కర్లేదు," అన్నాను. "అయినా గది ఖాళీ లేదు. ఈ వేసవికి వేరే కుర్రాడికి మాటిచ్చేశాను."

"ఎవరికి?"

"ఎవరో. కొత్త పిచర్. జట్టు ఆఫీసువాళ్ళు అడిగితే సరేనన్నాను. ఎప్పుడూ నిన్నే పెట్టుకోవాలని రాసిపెట్టుందా?"

వెస్ నా మొహంలోకి చూశాడు. బస్సులో అబద్ధమాడిన పిల్లల్ని నేను అలా చూసేదాన్ని. నేను గిన్నెలు కడగడానికి లేచాను. కడగాల్సిన గిన్నెలేం లేవు, కడిగినవే మళ్ళీ కడిగాను. వెనక కుర్చీ జరిగింది, మెట్లు దిగిన చప్పుడైంది. చేతులు నీళ్ళలో పెట్టుకుని ఏడ్చాను.

రెండ్రోజులకి దారి తెరిచారు. వెస్ సంతకం లేని కాగితాలు ఫిస్క్‌కి ఇచ్చేసి వచ్చాడు. ఆ సాయంత్రానికే ఊరంతా తెలిసిపోయింది. డ్వేన్ మాంసం పొట్లం కడుతూ నామీద విరుచుకుపడ్డాడు.

"నాలుగు ఫలకాలిచ్చామక్కా! నాలుగు! మనూరు వాడి కంటికి ఆనలేదా? ఇరవై ఎనిమిదేళ్ళొచ్చాక ఏం ఉద్ధరిస్తాడట?"

"పావు పౌండు తక్కువ తూచావ్, సరిగ్గా చూడు," అన్నాను.

విడిభాగాల కొట్టులోనూ వాడితో ముక్తసరిగా మాట్లాడారట. అలా మొహాలు ముడుచుకుంటే నాకు బాధ కలగలేదు, ఊరు వాణ్ణి వదిలిపెడుతోందని ఊపిరి తిరిగినట్టయింది.

చిన్న శిబిరానికి ఇంకా నెల ఉన్నా, ఫిబ్రవరి మొదటి శనివారం వెస్ తన పాత పికప్ ట్రక్కులో సామాను వేసుకున్నాడు. అరిజోనాలో ఎవరో పాత పిచర్ ఇంట్లో సోఫా ఉందట. నాలుగు ఫలకాలూ కింది గదిలోనే వదిలేశాడు. గుమ్మం దగ్గర నన్ను గట్టిగా పట్టుకున్నాడు.

"కొత్త కుర్రాడికి చెప్పు. కిటికీ గడియ సరిగ్గా పడదు, గుడ్డముక్క పెట్టుకోమను."

"చెప్తాలే. పద, మళ్ళీ మంచు పడేలా ఉంది."

ఆ తర్వాత షెడ్డుకి వెళ్ళలేదు. క్యాలెండర్లు మేకుకి మళ్ళీ తగిలించాను. ఫిబ్రవరి గళ్ళన్నీ ఖాళీగా ఉండిపోయాయి. గుమ్మం ముందు మంచు నేనే ఎత్తాను, రెండుసార్లు ఆగి నడుం పట్టుకున్నాను. కింది గది తలుపు మూసే ఉంచాను.

మార్చి పంతొమ్మిదిన మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"ఇంకా చిన్న శిబిరంలోనే ఉన్నానమ్మా," అన్నాడు వెస్. "చోటు గురించి ఏం చెప్పట్లేదు. రోజూ కొందర్ని ఇంటికి పంపేస్తున్నారు."

"ఊఁ."

"ఇవాళ మాత్రం పెద్దవాళ్ళ క్యాచర్‌కి వేలు వాచింది. కంచె ఇవతల నన్ను చూసి, రా అన్నారు. తొమ్మిదిలో మూడు ఇన్నింగ్స్ ఆడించారు. వీపు మీద పేరు కూడా లేని చొక్కా. రేపు మళ్ళీ ఇటే."

నేను కుర్చీ వెతుక్కుని కూచున్నాను.

"ఒకడు రెండో బేస్‌కి పరిగెత్తాడు," అన్నాడు.

"చెప్పి చావు!"

"దొరికిపోయాడు. ప్రేక్షకుల బల్లమీద ఇంకో జట్టు మనిషి గడియారం పట్టుకుని కూచున్నాడు. ఎంతొచ్చిందని అడిగా. 1.86 అన్నాడు. నా పేరేంటని అడిగి రాసుకున్నాడమ్మా."

"నేన్నొక్కితే 1.89 వచ్చేది," అన్నాను.

అవతల నవ్వాడు.

"గదిలోకి కుర్రాడు దిగాడా?"

"ఆఁ, దిగాడు. బాగానే ఉన్నాడు."

"కిటికీ?"

"గుడ్డముక్క పెట్టుకున్నాడు."

"సరే అమ్మా," అన్నాడు. "మంచు ఎత్తమని చెప్పు వాడికి. నువ్వు ఎత్తకు."

ఫోన్ పెట్టేసి, మార్చి పంతొమ్మిది గడిలో 1.86 అని రాశాను. ఆ తర్వాత నెలన్నరగా దిగని మెట్లు గోడ పట్టుకుని దిగి, కింది గది తలుపు తీశాను. కిటికీ కొద్దిగా తెరుచుకుని ఉంది, వాడి మంచం మీదకి సన్నగా మంచు కొట్టుకొచ్చింది. ఆ మంచు దులిపి, గడియలో గుడ్డముక్క పెట్టాను.